ఖాళీ చేతి సైగ

నాలుగు దాటాక గేటు తీస్తారు.
సంచులు బల్లమీద బోర్లిస్తాం.
నారింజలు వెళ్ళొచ్చు. ఉన్ని మేజోళ్ళు వెళ్ళొచ్చు.
మాతే కషాయం పీల్చే ఇనప గొట్టం మాత్రం ఆగిపోతుంది.
ప్రతి గురువారం నొర్మా మరిచిపోయి తెస్తుంది,
లేదా మరిచిపోయినట్టు తెస్తుంది.
పేకముక్కల్ని నర్సు ఒక్కొక్కటే తిప్పి చూసి
కత్తుల బొమ్మల దగ్గర కాస్త ఆగి
వెళ్ళమంటుంది.

రిజిస్టర్లో ఒక గడి: రోగికి ఏమవుతారు?
రమీరో మొదటివారం 'అన్న' అని రాశాడు,
రెండోవారం 'బావ' అని.
ఇప్పుడు 'త్రుకో ఆటలో ఎదుటి జట్టు' అని రాస్తున్నాడు.
ఎవరూ చదవరు.
డాక్టరు మాతో మాట్లాడడు.
మాట్లాడాల్సిన సొంత అన్న కోర్దొబాలో ఉన్నాడు,
ఫోనెత్తడు.

బస్సు సీట్లు కుట్టే షెడ్డులో, మధ్యాహ్నపు అన్నాల తర్వాత,
ఇరవైరెండేళ్ళు ఆడాం.
ఆ ఆటకి సగం బలం చేతిలో, సగం మొహంలో.
కనుబొమలెగరేస్తే కత్తి ఆసు.
కన్నుగీటితే కర్ర ఆసు.
కింది పెదవి కొరికితే మూడు.
ఎదుటివాళ్ళ కంటపడకుండా జోడీకి చేరెయ్యాలి.
దెలియా మొహం ఎన్ని దొంగసైగలు చేసేదో!
రమీరో జీతంలో సగం ఆ కనుబొమల కిందే పోయింది.

నేను ఆమె జోడీని.
రెప్పపాటులో పట్టేసేదాన్ని.

మార్చిలో తన కత్తెర నాకిచ్చేసింది.
'నీదానికి పదును పోయింది, ఉంచుకో' అంది.
బహుమతి అనుకున్నాను.
ఆ వారమే ఒక రాత్రి
పరానా ఒడ్డున, జాలర్లు దిగే మెట్లమీద
చెప్పులు విడిచి కూచున్నప్పుడు
అంబులెన్సుకి ఫోన్ చేసింది నేనే.
రెక్కలు పట్టుకున్నవాళ్ళకి
పేరూ పుట్టినరోజూ చెప్పింది నేనే.
'నువ్వా?' అంది దెలియా.
అంతే.
అది ఏ సైగో ఇప్పటికీ తేలలేదు.

తిరుగుబస్సులో ఒకటే తగువు.
నొర్మా అంటుంది: అవి మందులు కావు, మూత.
లోపల మనిషి ఉడుకుతూనే ఉంది,
చప్పుడే మనకి వినబడ్డంలేదు.
రమీరో అంటాడు: ఊపిరుంది కదా.
ముందు ఊపిరి. ముక్కలు పంచడం ఆ తర్వాత.
ఇద్దరూ నావైపు చూస్తారు.
నేను కిటికీ తుడుస్తాను.
జూలై చలికి అద్దం మళ్ళీ మసకేస్తుంది.
ఆ వార్డు వద్దంటే ఎక్కడ పెట్టుకుంటాం?
మా గదుల్లో వంతులేసుకుని
రెండు రాత్రులు కాపలా కాస్తాం,
మూడో రాత్రి నిద్ర మమ్మల్నీ పడగొడుతుంది.
ఈ మాట పైకి అనను.

ఈ గురువారం మోతాదు మార్చారట.
నర్సు చెప్పింది, చెప్పకూడదు నిజానికి.
ప్లాస్టిక్ బల్ల చుట్టూ నలుగురం.
మూడేసి ముక్కలు పంచాను.
దెలియా వేళ్ళు వణుకుతూ వాటిని
బొమ్మలు మావైపు తిరిగేలా పట్టుకున్నాయి.
బంగారు నాణేల నాలుగు. కప్పుల ఆరు. కర్రల అయిదు.
ఆడడానికి పనికిరాని చిల్లర.
చూడనట్టే ఉన్నాం ముగ్గురమూ.
రమీరో, జన్మలో మొదటిసారి,
పరాయి ముక్కల మీంచి చూపు తిప్పుకుని
గోడమీది గడియారం లెక్కపెట్టుకున్నాడు.

అప్పుడామె నావైపు తిరిగింది.
రెండు కళ్ళూ మూసింది.

మా ఆటలో దానికో అర్థముంది:
నా చేతిలో ఏమీ లేదు.
మాత్రల మగత కూడా కళ్ళని
సరిగ్గా అలాగే మూస్తుంది.
రెండు లెక్కపెట్టాను. మూడు. నాలుగు.
బల్ల కింద నొర్మా వేళ్ళు నా మోకాలిని నొక్కాయి.
ఆరు.
తెరిచింది.
బరువు రెప్పలకింద నుంచి
నా మొహంలో దేనికోసమో వెతికింది,
అందిందా అన్నట్టు.

అందిందని చెప్పే సైగ ఆ ఆటలో లేదు.
నా చేతిలో కత్తి ఆసు ఉంది.
కనుబొమలెగరేశాను, రమీరో చూస్తున్నా సరే.
'త్రుకో!' అని అరిచాను,
ఇద్దరి తరఫునా, వార్డంతా ఉలిక్కిపడేలా.
నర్సు పరుగున వచ్చింది.
'కాస్తానండీ' అన్నాడు రమీరో,
ఆమెతోనో మాతోనో తెలీకుండా.

ఇంకా పదమూడు నిమిషాలుంది.